టెలివిజన్ ధారావాహిక - పునర్దీపన దోషము

టెలివిజన్ ధారావాహికలను గూర్చి మన పండితులు వ్రాసినది స్వల్పము. పలికినది మాత్రము విస్తారము. అవి ఏడుపుకథలనియు, అందు స్త్రీలెల్లరు కుట్రదారులనియు, సాగతీతకు అంతు లేదనియు తరచుగా వినుచుందుము. ఈ నిందలు అసత్యములని నేననను. అవి విమర్శకు చాలవని మాత్రమే నా మనవి. ఏడుపే దోషమైనచో భవభూతి ఉత్తరరామచరితమునకు గతి యేమి? కుట్ర చేయు స్త్రీ యుండుటయే దోషమైనచో మంథర నెచ్చటికి పంపుదుము? ఇక దైర్ఘ్యమందురా, పదునెనిమిది పర్వములు తెలుగు చేసికొన్న జాతికి ఆ మాట యెత్తుట శోభింపదు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక పరిశోధక విద్యార్థి ఈ ధారావాహికలపై సిద్ధాంతవ్యాసము వ్రాయ ననుమతి కోరగా, ముద్రితపాఠము లేనిదానిని ఎట్లు పరిశీలింతువని నేనే వారించితిని. ఆ ప్రశ్న సక్రమమైనదే. కాని నా వారింపునకు అసలు హేతువది కాదు. చూడకయే తక్కువగా నెంచితిని. పిమ్మట సెలవులకు సామర్లకోటలోని మా మేనత్తగారి యింటికి పోయినపుడెల్ల, రాత్రివేళ ఆమె ప్రక్కన కూర్చుండి చూడక తప్పినది కాదు. ఈ వ్యాసమునకు మూలమదియే.

ధారావాహికకు మన దేశమున తొలుత ఒక హద్దుండెడిది. దూరదర్శన్ కాలమున వారమునకొక భాగము, పదుమూడు భాగములు అను పద్ధతి రచయితకు కథాంతమును ముందుగనే చూపెడిది. 1990 దశకమున మంజులానాయుడు దర్శకత్వమున వచ్చిన 'ఋతురాగాలు' దైనిక ధారావాహికకు తెలుగున త్రోవ వేసినది. ప్రైవేటు ప్రసారములలో ఆ త్రోవ రాజమార్గమైనది. ఆమెయే దర్శకత్వము వహించిన 'మొగలిరేకులు' 2008 నుండి 2013 వరకు సాగి, అన్నదమ్ముల కుటుంబకథగా మొదలై రెండవ తరమునకు చెందిన పోలీసు అధికారి కథగా ముగిసినది. కథ ఎచ్చటికి పోవునో ముందుగా నిర్ణయింపనక్కరలేని రచన ఇట్లు స్థిరపడినది.

నేను విశేషముగా పరిశీలింపగలిగినది 'కార్తీకదీపం'. ఇది మలయాళమందలి 'కరుత్తముత్తు'నకు తెలుగు రూపము. 2017లో మొదలై 2023 జనవరిలో ముగిసినది. భాగములు పదునైదు వందలకు మించినవి. నాయిక దీప నల్లని పిల్ల. భర్త కార్తీక్ వైద్యుడు. తనకు సంతానయోగ్యత లేదని నమ్మిన ఆతడు, భార్య గర్భవతి యని తెలిసి ఆమె శీలమును శంకించును. ఆమె యిల్లు వీడి, వంటపనిచే జీవనము సాగించి 'వంటలక్క' యగును. కవలలుగా పుట్టిన ఆడపిల్లలలో శౌర్య తల్లికడ పెరుగును. హిమ తన బిడ్డయే యని యెరుగని తండ్రికడ పెరుగును.

ఈ కథ విన్న తెలుగువాడెవ్వడును ఇది ఉత్తరరామాయణమని గుర్తింపకపోడు. అపవాదము, గర్భిణీత్యాగము, కవలలు, తండ్రిని చేరు బిడ్డలు - అన్నియు నున్నవి. కంకంటి పాపరాజు ప్రబంధమును చదివినవారు గాని, సామర్లకోటకు పొరుగుననున్న కాకినాడవాడైన చిత్తజల్లు పుల్లయ్య 1934లో తీసిన, 1963లో కుమారుడు సి.ఎస్.రావుతో కలిసి మరల తీసిన 'లవకుశ'ను చూచినవారు గాని, ఈ ఇతివృత్తమునకు తెలుగు ప్రేక్షకుల హృదయమున ఎంతటి చోటున్నదో యెరుగుదురు. ఆనాటి తక్కిన ధారావాహికల కంటె దీనికి జనాదరము మిక్కుటమైయుండుటకు నాకు తోచిన ప్రథమకారణమిదే.

భేదమెచ్చటనన, రాముడు సీతను శంకింపలేదు. ఆమె నిర్దోషి యని యెరిగియే విడిచెను. కావుననే భవభూతి తృతీయాంకమున అదృశ్యయైన సీత వినుచుండగా రాముడు విలపించునపుడు, ఆ దుఃఖము ప్రతిపదమునను క్రొత్తలోతులు చూచును. తెలిసి చేసిన పనికి పశ్చాత్తాపమునకు అంతముండదు. మన వైద్యుడో, నిజముగనే శంకించినాడు. శంక యనునది తేలవలసిన వస్తువు. తేలువరకు నిలిచియుండుటయే గాని అది పెరుగదు, మారదు. దానిని తేల్చు పరీక్ష వైద్యుడైన ఆతని చేతిలోనే యున్నది. మా మేనత్తగారు చిక్కుడుకాయలు వలచుచు అన్నమాట నేటికిని చెవులలో నున్నది: "ఆ పరీక్షేదో చేయించుకుంటే ఒక్క పూటలో తేలిపోద్ది గదరా! పైగా డాక్టరు కూడాను!" ఏ పత్రికా విమర్శకుడును ఇంతకంటె సూటిగా చెప్పగా నేను వినలేదు.

కదలని భావమును అయిదేండ్లు నిలుపవలసినచో రచయిత యేమి చేయును? మరల మరల రాజవేయును. రసదోషములను పరిగణించుచు మమ్మటుడు కావ్యప్రకాశ సప్తమోల్లాసమున పునఃపునర్దీపనమును పేర్కొని, సాక్షాత్తు కాళిదాసు కుమారసంభవమందలి రతివిలాపమునే ఉదాహరణముగా చూపెను. అంతకు ముందే ఆనందవర్ధనుడు, పరిపోషము నందిన రసమును పదే పదే స్పృశించినచో అది వాడిన పూవు వంటిదగునని ధ్వన్యాలోకమున హెచ్చరించినాడు. కాళిదాసునకే క్షమ లేనిచోట నేటి రచయితకు లభించునా? 'కార్తీకదీపం'లో ఒకరు ఒక కఠినవాక్యము పలుకుదురు. వెంటనే ఇంటనున్న ఆరుగురి ముఖములను కెమెరా ఒక్కొక్కటిగా చూపును. అంతట తృప్తి నొందక మరల చూపును. ప్రతిముఖమునకును ఒక వాద్యధ్వని. అరగంటలో ప్రకటనలు పోగా మిగులు ఇరువది నిమిషములలో నడచిన కథ ఆ యొక్క వాక్యమే కావచ్చును. సాగతీత యని లోకము పిలుచునది ఇదియే. ఇది కాలపరిమాణమునకు చెందిన దోషము కాదు, రసమునకు చెందినది. ఒక్క గంట నాటకములో కూడ ఇది సంభవింపవచ్చును.

ప్రతిదినము కొంత చెప్పి నిలుపుట కూడ దోషము కాదనుటకు మన పురాణకాలక్షేపమే సాక్షి. నా బాల్యమున కార్తీకమాసములో కుమారరామ భీమేశ్వరాలయమున పౌరాణికుడు నిన్న నిలిపిన పద్యము కడనే నేడు మొదలుపెట్టెడివాడు. శ్రోతలకు కథాంతము తెలియును. తెలిసియు రాత్రి పొద్దుపోవువరకు కూర్చుండెడివారు. రేపేమి జరుగునో యన్న ఆత్రము కాదు, ఎట్లు చెప్పునో యన్న కుతూహలము వారిని కూర్చుండబెట్టినది. ధారావాహికకారుడు మొదటిదానినే నమ్ముకొన్నాడు.

నిర్వహణసంధి కడ ఈ అవిశ్వాసము బట్టబయలైనది. 2022లో కార్తీక్, దీప ప్రమాదమున మరణించినట్లు చూపి, కథను ఎదిగిన బిడ్డలకు మరల్చిరి. సాహసమైన మలుపే. దానిపై నిలిచియుండినచో మన ధారావాహికలలో అరుదైన కరుణాంతమొకటి లభించియుండెడిది. కాని కొన్ని నెలలకే దీపను సజీవురాలిగా తిరిగి తెచ్చిరి. ఆ రాత్రి మేనత్తగారు సంతోషింతురని యెంచితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆవేళ ఏడ్చిన ఏడుపు వెనక్కెవడిస్తాడురా?" అనిరి. సహృదయుని శోకము రచయితకిచ్చిన ధనము. దానిని పుచ్చుకొని, కారణము లేకుండెనని చెప్పుట వంచన. సంజీవనముతో ముగియు కథలు మనకు లేకపోలేదు. కాని వానిలో మరణము వ్రాయునప్పుడే పునర్జీవనము బీజరూపమున నుండును. ఇచ్చట బీజము లేదు.

ఇంతమాత్రమున ఈ కృతి పరిత్యాజ్యము కాదు. భర్త ఇంట దీప కన్నీటిబొమ్మ. తన పొయ్యికడ మాత్రము ఆమె స్వతంత్రురాలు. వంట చేసి, అమ్మి, బిడ్డను పెంచు ఘట్టములలో సంభాషణము క్లుప్తమగును, వాద్యఘోష తగ్గును, నటి ప్రేమీ విశ్వనాథ్ చేతులు మాటలాడును. మలయాళమున కూడ ఆ పాత్రను ధరించినది ఆమెయే. ప్రజలు దీప యను పేరు విడిచి వంటలక్క యనియే పిలుచుట యాదృచ్ఛికము కాదు. ఆ పేరు శ్రమ వలన వచ్చినది. రచయిత ప్రధానమని తలచిన శంకావృత్తాంతమును కాదని, ప్రేక్షకులు తమకు కావలసిన కథను ఏరుకొన్నారనుటకు అది నిదర్శనము. నల్లని వర్ణము వలన కలిగిన అవమానము మాత్రము ఆరంభమున బలముగా నుండి, అనంతరము శంక క్రింద అణగిపోయినది. అంగమును పెంచి అంగిని మరచుటయు మమ్మటుడు చెప్పిన దోషమే.

పునర్దీపనము ఈ సాధనమునకు సహజమనువారు గుణ్ణం గంగరాజు 'అమృతం'ను చూడవలెను. 2001 నుండి 2007 వరకు జెమినీలో వచ్చిన ఆ హాస్యమాల యందు ప్రతిభాగమునకును తన ఆరంభము, తన ముగింపు ఉన్నవి. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తరువాత నొకరు ధరించినను మాల తెగలేదు. హాస్యమునకు సాధ్యమైనది కరుణమునకు సాధ్యమా యను సందేహము నాకును కలదు. పరిశోధకుడు పూనవలసిన ప్రశ్న యదియే. ముద్రితపాఠము లేదను నెపము దీనికి అడ్డు రాదు. హరికథలకును, తోలుబొమ్మలాటకును మనము పాఠములను విని వ్రాసికొనలేదా?

నేను వారించిన విద్యార్థి శతకవాఙ్మయముపై పట్టము పొంది ఉద్యోగమున నున్నాడు. 2024లో అవే పేర్లు గల నాయికానాయకులతో, వేరొక కథతో 'కార్తీకదీపం' మరల మొదలైనప్పుడు, "ఈ దీప ఆ దీప కాదంటరా" అని మేనత్తగారు నాకు ఫోనులో చెప్పిరి. చూచుచున్నారా యని యడిగితిని. చూచుచునే యున్నానని, అయితే ఈమారు ఏడ్వదలచుకొనలేదని బదులు చెప్పిరి.