జారే గుడ్డతో ఇంట్లోనే గుడారం

అమెరికాలో కొండదారులు పట్టే వాళ్లకు తమ సామగ్రి తామే కుట్టుకోవడం ఏనాటి నుంచో ఉన్న అలవాటు. 1966లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో మొదలైన ఫ్రాస్ట్‌లైన్ కంపెనీ, ముందే కత్తిరించిన గుడ్డముక్కలు, జిప్పులు కలిపి పోస్టులో పంపేది. జనం వాటితో ఇళ్లలోనే చలికోట్లు, నిద్రసంచులు కుట్టుకునేవారు. 1990లలో రే జార్డిన్ ఈ పనికి కొత్త ఊపిరి పోశాడు. భార్య జెన్నీతో కలిసి 4,200 కిలోమీటర్లకు పైబడిన పసిఫిక్ క్రెస్ట్ కాలిబాట నడిచిన మనిషి ఆయన. వీపు మీది బరువు తగ్గాలంటే సంచీ, గుడారపు పైకప్పు సొంతంగా కుట్టుకోండని చెప్పాడు.

ఇప్పుడు ఈ పనికి ఎక్కువమంది వాడేది సిల్‌నైలాన్. సన్నటి నైలాన్ నేతలోకి సిలికాన్ ఇంకించిన గుడ్డ ఇది. చదరపు మీటరుకు సుమారు 45 గ్రాములు తూగుతుంది. అంటే పొడవూ వెడల్పూ మూడేసి మీటర్లుండే పైకప్పుకు గుడ్డ బరువు 400 గ్రాములే. నీటిని ఆపే ఆ సిలికానే కుట్టేవాళ్లను ఏడిపిస్తుంది. రెండు పొరలు కలిపి పెడితే నూనె రాసిన అరిటాకుల్లా జారిపోతాయి. శాటిన్ కుట్టే మన దర్జీలకు ఈ బాధ కొంత తెలుసు.

కుట్టుమిషన్ పళ్లు కింది పొరను ముందుకు నెడతాయి, పైపొర పాదం కింద వెనకబడుతుంది. చివరికొచ్చేసరికి అంచులు కలవవు. అందుకే రెండు అంచుల మీదా జానెడుకొక గుర్తు పెట్టుకోవాలి. పాదానికి ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి వేసి గుడ్డను బిగువుగా పట్టుకోవాలి. లాగకూడదు, లాగితే సూది వంగుతుంది. గుండుసూది గుచ్చిన రంధ్రం పూడదు కాబట్టి మడతలో దాగిపోయే చోటే గుచ్చాలి, లేదా క్లిప్పులు పెట్టాలి. సన్నటి కొత్త సూది, పాలిస్టర్ దారం కావాలి. నూలు దారం తడికి కుళ్లిపోతుంది. కుట్లు మరీ దగ్గరగా పడితే గుడ్డ ఆ గీత వెంటే చిరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల కుట్టు చాలు.

గుడ్డ పన్నా సుమారు మీటరున్నర ఉంటుంది కాబట్టి పైకప్పు నడినెత్తిన అతుకు తప్పదు. నా దృష్టిలో పనితనమంతా అక్కడే కనిపిస్తుంది. జీన్స్ ప్యాంటుకు వేసే మడత కుట్టే ఇక్కడా వేస్తారు. ఒక అంచును కాస్త తక్కువగా ఉంచి మొదటి వరస కుట్టి, పొడుగు అంచును దాని మీదుగా చుట్టి, గోటితో నొక్కి, మళ్లీ కుడతారు. ఇస్త్రీపెట్టె వేడికి నైలాన్ కరిగే ప్రమాదముంది, అందుకే గోరు. ఇలా కుడితే పీచులేచే అంచు లోపల దాగుతుంది, గాలి లాగుడును రెండు వరసలూ పంచుకుంటాయి.

ఆ కుట్టు రంధ్రాలను కూడా పూడ్చాలి. సిలికాన్‌కు సిలికానే అంటుకుంటుంది, మామూలు టేపు ఊడిపోతుంది. సిలికాన్ సీలెంట్‌ను మినరల్ స్పిరిట్‌లో పలచన చేసి, గాలి ఆడే చోట కుంచెతో పూసి, రాత్రంతా ఆరనివ్వాలి. తాళ్లు కట్టే మూలల్లో ఇంకో పొర గుడ్డ వేసి, ఒకే చోట అటూఇటూ గట్టిగా కుట్టాలి. చిరుగు మొదలయ్యేది అక్కడినుంచే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అరమీటరు గుడ్డతో బట్టలు కుక్కుకునే చిన్న సంచీ కుట్టి చూడటం మంచిది. మడత కుట్టు చేతికి అలవాటయ్యాక పైకప్పు జోలికి వెళ్లవచ్చు.