కుక్కల వసతిగృహములు - నక్షత్రముల లెక్క

ఊరు వెళ్ళునప్పుడు పెంపుడు కుక్కను ఎవరికి అప్పగింపవలెను? ఈ ప్రశ్నకు ఇంగ్లండు ప్రభుత్వము ఒక జవాబు సిద్ధపరచినది. 2018 అక్టోబరు 1 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము, అచ్చట వ్యాపారముగా ఇతరుల కుక్కలను ఉంచుకొనువారు స్థానిక అధికారులవద్ద లైసెన్సు పొందవలెను. తనిఖీ పిమ్మట 1 మొదలు 5 వరకు నక్షత్రములు ఇత్తురు. యజమానులు ఆ నక్షత్రములను చూచి నిశ్చింతగా ప్రయాణమగుదురు. ఆ నిశ్చింతకు ఆధారమెంత?

అంటువ్యాధుల విషయమున ఆధారము గట్టిదే. పార్వో, డిస్టెంపర్, కాలేయవ్యాధి, లెప్టోస్పైరోసిస్ - ఈ నాలుగింటికిని టీకాలు వేయించినట్లు పత్రము చూడనిదే కుక్కను చేర్చుకొనరాదు. ఇది కేవలము కాగితపు పట్టుదల కాదు. పార్వో వైరస్ నేలపై నెలల తరబడి నిలిచియుండును. అనేక సాధారణ క్రిమిసంహారకములకు లొంగదు. వ్యాధిగ్రస్తమైన కుక్క ఒకటి ఉండి వెళ్ళిన గది, చూపునకు అద్దమువలె మెరయుచున్నను, తరువాత వచ్చు కూనకు ప్రాణాంతకము కావచ్చును. అయితే ఆ నాలుగింటిలో కెన్నెల్ దగ్గు లేదు. గాలిద్వారా సోకు ఈ దగ్గు సాధారణముగా 2 నుండి 14 దినములకు బయటపడును. కావున కుక్క ఇల్లు చేరిన పిమ్మట దగ్గుట మొదలిడును. వసతిగృహమువారు తమ తప్పేమియు లేదందురు!

ఇక నక్షత్రముల లెక్క. మంచిచెడ్డలతోపాటు పూర్వచరిత్రయు ఇందులో కలిసియున్నది. కొత్తగా తెరచిన స్థలమును సాధారణముగా ప్రమాదావకాశము ఎక్కువగల తరగతిలో చేర్తురు. ఉన్నత ప్రమాణములన్నియు పాటించినను దానికి 4 నక్షత్రములే దక్కును. అనగా 4కును 5కును నడుమనున్న భేదము కుక్కకు లభించు సౌఖ్యములోని భేదము కాకపోవచ్చును. ఈ సంగతి తెలిసి ఫలకము చూచువారు ఎందరు?

అన్నిటికంటె పెద్ద లోపము వేరొకటి. స్నానము చేయించి, జుట్టు కత్తిరించి, ఆరబెట్టు పని ఈ లైసెన్సు క్రిందికి రానే రాదు. ఒకే కప్పు క్రింద వసతిగృహమును, కుక్కల క్షౌరశాలయు నడుచుచుండవచ్చును. తలుపుపై నక్షత్రములు మొదటిదానికే చెల్లును. చూచువాడు రెండింటికిని అన్వయించుకొనును.

అపాయము ఎక్కువగానున్నది ఆ రెండవ గదిలోనే. కుక్క ఆరోగ్యముగా నున్నప్పుడు శరీరోష్ణము సుమారు 38.3 నుండి 39.2 డిగ్రీల సెంటిగ్రేడు. దానికి అరికాళ్ళ మెత్తలయందు తప్ప చెప్పుకోదగిన చెమట లేదు. వగర్చుచు నాలుకపైని తడిని ఆవిరి చేసికొనియే చల్లబడవలెను. తడిసిన కుక్కను మూసిన బోనులో ఉంచి వేడిగాలి వదలినచో ఏమగును? బోనులోని గాలి వెచ్చనగుటయే కాక తేమతో నిండును. తేమగాలిలో ఆవిరి యగుట మందగించును గనుక వగర్పు నిష్ఫలమగును. ఉష్ణము 41 డిగ్రీలు దాటినచో వడదెబ్బయే. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టిముక్కు జాతులకు శ్వాసమార్గము ఇరుకు; వాటికి వ్యవధి ఇంకను స్వల్పము.

కనుక హైదరాబాదులోనైనను, లండనులోనైనను అడుగవలసినది గోడపై ఫలకమును గూర్చి మాత్రమే కాదు. ఆరబెట్టునది చేతితో పట్టుకొను యంత్రమా, బోనునకు తగిలించునదియా? బోనే అయినచో అందు వేడిగాలియా, మామూలు గాలియా? ఆ సేపును మనిషి కదలక అచ్చటనే యుండునా, లేక తరువాతి కుక్కకు స్నానము చేయించుచుండునా? ఆ గదిని చూపుటకు నిరాకరించినచో కుక్కతో వెనుదిరుగవచ్చును.