పెళ్లికూతురి పూలజడ
తెలుగు పెళ్లిళ్లలో వధువుకు పూలజడ వేయడం, చూసేవారికి తేలికగా తోచినా, కొలతా ఓర్పూ కలిసిన పనితనం. జుట్టు పలచగా ఉంటే సవరాన్ని, అంటే విడిగా కట్టి ఉంచిన వెంట్రుకల పాయను, కలిపి అల్లి, విచ్చని మల్లెమొగ్గలను సూదీదారంతో అట్టముక్కపై వరుసలుగా కుట్టి, ఆ పట్టీని జడ పొడవునా బిగించి, చివర జడకుప్పెలను, అనగా గంటల ఆకారపు నగలను, వేలాడదీస్తారు. ముహూర్తం ఏ అర్ధరాత్రికో పడినా పూలు వాడిపోకూడదు కనుకనే మొగ్గలను ఎంచుకుంటారు. అయితే అసలు నేర్పు నప్పేది ఎంచడంలో ఉంది: పొట్టి వధువుకు వెడల్పు జడ నప్పదని వరుసలు తగ్గించడం, జీలకర్రా బెల్లం పెట్టే నడినెత్తిని పూలతో కప్పకుండా వదలడం, తాళి కట్టే వేళ ఆడపడుచు జడను పైకెత్తినా పట్టీ జారకుండా బిగించడం వంటివి, మనిషి రూపురేఖలతోపాటు పెళ్లితంతు కూడా తెలిసిన చేతులకే సాధ్యమవుతాయి.