కాంతికి చిక్కినది చుక్కా, సుడియా?

పలుచని అయస్కాంతపు పొరలో పరమాణువుల సూక్ష్మ అయస్కాంతాలు ఒక కేంద్రం చుట్టూ మెలితిరిగి నిలిస్తే ఆ సుడిని స్కిర్మియాన్ అంటారు. ద్విపరిమాణ పదార్థాలలో దీనిని "కాంతితో చూచారు" అని ధారాళంగా వ్రాస్తున్నారు. ఆ "చూచుట" దగ్గరే నాకు పేచీ.

అయస్కాంతంపై పడి తిరిగివచ్చే కాంతి ధ్రువణతలం కొద్దిగా తిరుగుతుందని జాన్ కెర్ 1877లో ప్రకటించాడు. క్రోమియం అయొడైడు ఒకే పొరగా ఉన్నా, 45 కెల్విన్‌కు దిగువన అయస్కాంతమేనని 2017లో తేలినది ఈ పద్ధతితోనే. ఘనకార్యమే, సందేహం లేదు.

కాని నిలువుగా పడిన కాంతి ముఖ్యంగా చెప్పేది అయస్కాంతత్వం పైకున్నదా, క్రిందికున్నదా అన్నంతే. నల్లని చుక్క కనబడుతుంది. దాని అంచులో మెలిక ఉన్నదీ లేనిదీ తెలియదు. తాటిచెట్టెక్కి చూస్తే క్రింద నిలిచినవాని తల కనబడును గాని, నడినెత్తిన సుడి ఎటు తిరిగినదో కనబడునా? పైగా చాలా స్కిర్మియానులు 100 నానోమీటర్లకు లోపువి. మామూలు సూక్ష్మదర్శినిలో దృశ్యకాంతి 200 నానోమీటర్లకు లోపు వివరాలను విడదీయలేదు.

అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలవారు 2017లో అచ్చువేసిన పని నాకు నచ్చినది. వారివి ద్విపరిమాణ స్ఫటికాలు కావు, లోహపు పలుచని పొరలు. అవీ కెర్ చిత్రాలే. అయితే విద్యుత్తు పంపగా చుక్కలు ప్రవాహపు దారినే పోక ప్రక్కకు ఒరిగినవి. మెలిక లేని బుడగ అట్లా ఒరగదు. 2010లో జపానులో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని మెలికనే చూపినది. ద్విపరిమాణ స్ఫటికాలపై వ్రాసేవారు అట్టి నడకనో, అట్టి మెలికనో చూపేవరకు చిత్రం క్రింద "చుక్క" అని వ్రాస్తే చాలును.