పాత సి డ్రైవ్, కొత్త బోర్డు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరి సంచిలో పాత హార్డ్ డిస్కు కూడా ఉంటుంది. "దీన్నే పెట్టేయండి, అన్నీ ఇందులోనే ఉన్నాయి" అంటారు. "ఎందుకు సార్, ఫార్మాట్ కొట్టేసి ఫ్రెష్‌గా విండోస్ వేసుకోండి" అంటాడు షాపతను. ఇంట్లో సినిమాలు చూసుకునే సిస్టమ్‌కు ఆ సలహా మంచిదే. డీటీపీ సెంటర్‌కు మాత్రం నేను ఒప్పుకోను.

డీటీపీ సెంటర్ సి డ్రైవ్‌లో విండోస్ ఒక్కటే ఉండదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్, ప్రింటర్‌కు కుదుర్చుకున్న సెట్టింగులు, ఏళ్ల తరబడి పోగుపడ్డ శుభలేఖల డిజైన్లు అన్నీ అందులోనే. పేజ్‌మేకర్ 7ను అడోబ్ 2001లో విడుదల చేసింది, ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. సీడీ గీతలు పడిపోయి ఉంటుంది, సీరియల్ నంబరు రాసిన కాగితం కనిపించదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల గజిబిజి అవుతుంది. అలాంటి చోట డ్రైవును ఉన్నదున్నట్టు మార్చుకోవడం పిసినారితనం కాదు, పనితనం.

ఈ పద్ధతికి చెడ్డపేరు ఎక్స్‌పీ రోజుల్లో వచ్చింది. బోర్డు మారితే లోగో ఇలా మెరిసి అలా బ్లూ స్క్రీన్, కింద 7బి అనే కోడ్. విండోస్ లేవాలంటే డిస్కును చదవాలి. చదవాలంటే బోర్డు మీది కంట్రోలర్‌కు తగ్గ డ్రైవర్ మొదటి క్షణంలోనే లోడ్ కావాలి. రిజిస్ట్రీలో పాత బోర్డు డ్రైవర్‌కే ఆ ఏర్పాటు ఉంటే, కొత్త బోర్డు డిస్కును గుర్తుపట్టినా విండోస్‌కు అది కనపడదు. బయోస్‌లో సాటా మోడ్‌ను ఐడీఈకి మారిస్తే చాలాసార్లు లేచేది. విండోస్ 8 నుంచి ఈ బాధ బాగా తగ్గింది. విండోస్ 10 అయితే కొత్త బోర్డు మీద మొదటిసారి కాసేపు పరికరాలను పోల్చుకుని, ఒకటి రెండుసార్లు రీస్టార్టయి, మామూలుగా డెస్క్‌టాప్ చూపిస్తుంది.

అయినా పనిలో ముప్పాతిక వంతు పాత సిస్టమ్ బతికుండగానే జరగాలి. కేబుల్ పీకాక గుర్తొస్తే లాభం లేదు.

ముందు డిస్కు ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పెండింగ్ సెక్టార్లు పెరుగుతూ కనిపిస్తే ఇక ఆలస్యం చేయకూడదు. డిస్కు బాగానే ఉన్నా నా మటుకు కొత్త ఎస్ఎస్‌డీకి క్లోన్ చేసి, ఆ క్లోన్‌నే కొత్త బోర్డుకు తగిలించి, అసలు డిస్కును బీరువాలో పెట్టడమే పద్ధతి. క్లోన్‌జిల్లా ఉచితంగానే దొరుకుతుంది. క్లోన్ అయ్యాక రెంటినీ ఒకేసారి తగిలించకండి. రెండింటి సిగ్నేచర్ ఒకటే కాబట్టి విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది.

తర్వాత తాళాలు. బిట్‌లాకర్ ఆన్ చేసి ఉంటే దాని తాళం పాత బోర్డు టీపీఎంలో ఉంటుంది, కొత్త బోర్డు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. పాత సిస్టమ్‌లోనే బిట్‌లాకర్‌ను ఆపేయాలి. విండోస్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ అకౌంటుకు కలుపుకోవడమూ అప్పుడే. రిటైల్ లైసెన్సయితే కొత్త బోర్డు మీద ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పి తిరిగి యాక్టివేట్ చేసుకోవచ్చు. కంపెనీ సిస్టమ్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్సు మాత్రం ఆ సిస్టమ్‌తోనే సరి.

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇంకోటుంది. డిస్కు బాగుంటుంది, బయోస్‌లో పేరు కనిపిస్తుంది, బూట్ లిస్టులో మాత్రం ఉండదు. పాత డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, యూఈఎఫ్ఐ తప్ప తెలియని కొత్త బోర్డుకు అందులోంచి ఎలా లేవాలో తెలియదు. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్‌టుజీపీటీ అనే సాధనం ఉంది. డేటా చెరపకుండానే డిస్కును జీపీటీకి మారుస్తుంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించితే ఒప్పుకోదు, అందుకే ముందు వ్యాలిడేట్, తర్వాతే కన్వర్ట్. దీన్నీ క్లోన్ మీదే చేయాలని వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు, పాత డీటీపీ సెంటర్లలో 32 బిట్ విండోస్ ఇంకా కనిపిస్తుంది. 64 బిట్ యూఈఎఫ్ఐ మీద అది లేవనే లేవదు.

లేచాక చిప్‌సెట్ డ్రైవర్లు వేసి, డివైస్ మేనేజర్‌లో దాగి ఉన్న పాత పరికరాలను తీసేయాలి. లైనక్స్ వాళ్లకు ఇంత తతంగం లేదు. చాలా డిస్ట్రోలు డ్రైవర్లన్నీ వెంటే మోసుకొస్తాయి. ఒక్క బూట్ ఎంట్రీ మాత్రం పాత బోర్డు మెమరీలోనే ఉండిపోతుంది కాబట్టి మళ్లీ రాసుకోవాల్సి రావచ్చు.

విండోస్ 7 డిస్కుతో మాత్రం మొండికేయకండి. ఎలాగోలా లేచినా, యూఎస్‌బీ 3 డ్రైవర్లు అందులో లేవు కాబట్టి లాగిన్ తెర దగ్గర మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. పాత సిస్టమ్‌లోనే డిస్క్‌టువీహెచ్‌డీతో ఆ డ్రైవునంతా ఒక ఫైలుగా మార్చి, కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్‌లోనో హైపర్-వీలోనో తెరవండి, దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా. పేజ్‌మేకర్‌కు అది చాలు. ఏ దారి పట్టినా పని మాత్రం పెళ్లిళ్ల సీజన్ అయ్యాకే మొదలుపెట్టండి.