మూడు నిమిషాల పద్యం

పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తే నటుడు అంత గొప్పవాడని నాటకాల వాళ్ల లెక్క. జనం ‘వన్స్‌మోర్’ అంటే కాటిసీనులో హరిశ్చంద్రుడు దుఃఖం ఆపి మళ్లీ అదే పద్యం అందుకోవాల్సిందే.

గ్రామఫోన్ ప్లేటులో ఆ వెసులుబాటు లేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే 10 అంగుళాల ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. హార్మోనియం, పద్యం, రాగం అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఏ పాదం దగ్గర ఆగాలో, ఏ సంగతి వదిలేయాలో గాయకులు అక్కడ నేర్చుకున్నారు. పాత రికార్డుల్లోని బిగువు సగం ఆ ఇరుకు చలవే.

ప్లేటు పద్యాన్ని బిగిస్తే, మైకు గొంతును మెత్తబరిచింది. వి. నాగయ్య 1904లో పుట్టింది రేపల్లెలో. ఆయన పేరు ముందు ‘చిత్తూరు’ చేరింది మాత్రం చిత్తూరులోని రామవిలాస సభ నాటకాల వల్లే. ‘సారంగధర’లో చిత్రాంగి వేషం కట్టిన ఆయన 1938లో ‘గృహలక్ష్మి’తో సినిమాకొచ్చారు. 1946 నాటి ‘త్యాగయ్య’ పాటలు వింటే, చివరి వరుసకు వినపడేలా పాడిన నాటకాల గొంతు మైకు ముందు ఎంత మెత్తబడిందో తెలుస్తుంది. పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

ప్లేటు వేయడమూ పనితనమే. స్ప్రింగు బిగుసుకుని చేతికి ఎదురు తిరిగేదాకా కీ తిప్పాలి, ఆపైన తిప్పితే తెగే ప్రమాదం. ఒక్కో వైపుకు ఒక్కో ముల్లు మార్చాలి. అరిగిన ముల్లు గాడిని చెక్కేస్తుంది. లక్కతో చేసిన ప్లేటు కాబట్టి చేజారితే పెంకులే. చిత్తూరు ఎండ తగిలితే వంగుతుంది. వంగిన ప్లేటు మీద ముల్లు లేస్తూ దిగుతుంటే గొంతూ దాంతో పాటే ఊగుతుంది.

ఇలాంటి ప్లేట్ల నుంచి ఎక్కించిన పద్యాలు ఇప్పుడు ఫోన్లలో దొరుకుతున్నాయి, సంతోషం. కానీ గరగర తీసేసే పనిలో గాయకుడు ఊపిరి పీల్చుకున్న చప్పుడూ, హార్మోనియం తిత్తి చప్పుడూ తుడిచేయడం తప్పు. మనిషి అక్కడ కూర్చుని పాడాడని తెలిసేది వాటితోనే.

ప్లేటు వల్ల ఎక్కువ కష్టపడింది హాస్యం. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’ ఆడేటప్పుడు నక్షత్రకుడి మాటకు జనం నవ్వితే, ఆ నవ్వు తగ్గేదాకా నటుడు ఆగొచ్చు. ప్లేటు ఆగదు. ఇంట్లో అందరూ నవ్వుతుండగానే తర్వాతి మాట దాటిపోతుంది. అప్పుడు పెట్టె పక్కన కూర్చున్న పిల్లవాడు లేచి, మళ్లీ కీ తిప్పి, కొత్త ముల్లు బిగించి, మొదటి గాడి మీద దించేదాకా అందరూ నోరు మూసుకుని ఎదురుచూడాలి.