ఇసుక కడగడం

నాకు ఇసుక కడిగే అలవాటు ఉంది. విశాఖ ఆర్కే బీచ్‌లో డబ్బాలోకి తడి ఇసుక ఎత్తుకుంటుంటే, బంగారం కోసమా అని అడిగినవాళ్లున్నారు. కాదండీ, అందులో కాపురముండే జీవాల కోసం. రేణువుకీ రేణువుకీ మధ్య నీటి సందుల్లో బతుకుతాయివి. అర మిల్లీమీటరు జల్లెడలోంచి జారిపోయి, అందులో ఎనిమిదో వంతు కన్నమున్న జల్లెడకు చిక్కుతాయి. మియోఫానా అని శాస్త్రం పెట్టిన పేరు. చదరపు మీటరుకి లక్షల్లో ఉంటాయి.

ఊరికే నీళ్లు పోసి కలిపితే రావు. అల వచ్చి కుదిపే చోట బతికేవి కదా, పట్టు గట్టిది. చాలావాటికి ఒంట్లో జంట గ్రంథులుంటాయి: ఒకటి అంటిస్తుంది, రెండోది విడిపిస్తుంది. అందుకని ముందు మత్తివ్వాలి. లీటరు మంచినీళ్లలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికాలు కరిగించి, ఇసుక మీద పోసి, పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతదంతా బియ్యం కడిగి కడుగు వంచడమే. గిన్నెను గుండ్రంగా తిప్పి, ఇసుక అడుక్కి దిగీదిగగానే పైనీళ్లు జల్లెడలోకి వంచేయాలి. తొందరపడితే ఇసుకా వచ్చేస్తుంది, ఆలస్యమైతే జీవాలూ అడుక్కి పోతాయి. ఆ రెండు మూడు క్షణాలేవో చేతికే తెలియాలి. చిక్కినవాటిని సముద్రపు నీళ్లతో గాజు పళ్లెంలోకి దించితే, కాసేపటికి మత్తు వదిలి కదులుతాయి.

మైక్రోస్కోపు కింద ముందుగా కళ్లబడేవి నెమటోడ్లనే సన్నటి పురుగులు. పట్టుకోడానికి ఇసుక లేక ఉన్నచోటే మెలికలు తిరుగుతుంటాయి. రొయ్యకు దూరపు చుట్టమైన కోపెపాడ్ తోక దగ్గర గుడ్ల సంచి మోస్తూ పోతుంది. నాకు ఇష్టమైనది మాత్రం బాటిల్లిపెస్ అనే నీటి ఎలుగు. ఎనిమిది కాళ్లు, కాలికి ఆరు వేళ్లు, ప్రతి వేలి చివరా ఒక బుల్లి బిళ్ల. ఆ బిళ్లలతో రేణువును పట్టుకుని, ఏ తొందరా లేకుండా నడుస్తుంది. అది దొరికిన రోజు మా ఇంట్లో భోజనం ఆలస్యం.

వీటి గుట్టు విప్పినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్.గణపతి, జి.చంద్రశేఖరరావు వాల్తేరు తీరపు ఇసుక జీవుల మీద 1962లోనే పరిశోధన పత్రం వెలువరించారు. ఊళ్లో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. బీచ్ అంటే మనకు చెత్త లేకపోతే చాలు, శుభ్రమైనట్టే. ప్లాస్టిక్ ఏరాల్సిందే, కాదనను. కానీ పోటు వచ్చినప్పుడల్లా ఇసుకలోకి ఇంకే నీళ్లలోని మురికిని బ్యాక్టీరియా తింటుంది, ఆ బ్యాక్టీరియాను ఈ జీవాలు మేస్తాయి. మన కాళ్ల కింద జరిగే ఆ శుభ్రతను ఎవరూ లెక్కలో వేయరు.

ఆ ఇసుకా ఇక్కడ నిలవదు. హార్బరు గోడ దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుకకు అడ్డం కాబట్టి, ఇవతల బీచ్ కోసుకుపోతుంటుంది. అందుకని డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకను ఇక్కడ పోస్తుంటారు. నల్లగా ఉందే అని వాకింగ్‌కి వచ్చినవాళ్లు పెదవి విరుస్తారు. నేను వేళ్ల మధ్య నలిపి చూస్తాను. రేణువు 0.2 మిల్లీమీటరు కన్నా సన్నమైతే మధ్యలో సందులు చాలవు, బాటిల్లిపెస్‌లాంటివి అక్కడ ఇమడలేవు. రంగుదేముంది, ముతకగా ఉంటే చాలు.